నిజాంపట్నానికి కప్పు తెచ్చిన మైకు

మైకును తిట్టేవాళ్ళంతా కృతఘ్నులు! ఈ మాట ఆవేశంలో అనడం లేదు. బాగా ఆలోచించి, చెవుల్లో దూది పెట్టుకుని మరీ అంటున్నాను. మన దేశంలో చదువుకూ, ఆటలకూ, కాపురాల్లో శాంతికీ మైకు చేసినంత మేలు ఏ మహానుభావుడూ చేయలేదు. నమ్మరా? అయితే అరవై ఎనిమిదిలో తెనాలిలో జరిగిన హైస్కూళ్ళ ఫుట్‌బాల్ పోటీల సంగతి వినండి.

ఆ పోటీలకు మైకు సెట్టు కోటిలింగానిది. మైదానానికి నాలుగు మూలలా నాలుగు గొట్టాలు కట్టి, పొద్దున ఆన్ చేశాడంటే చీకటి పడేదాకా ఆపేవాడు కాదు. చందాలిచ్చిన దాతల పేర్లు, తప్పిపోయిన పిల్లల ఆనవాళ్ళు, గోళీ సోడా గుణగణాలు, ఆహ్వాన సంఘం అధ్యక్షులు జగన్నాథరావు గారు ఇంట్లోంచి బయల్దేరారన్న వార్త, బయల్దేరినవారు ఇంకా దారిలోనే ఉన్నారన్న వార్త! రెఫరీ ఈల ఊదితే ఆ ఈల రెఫరీకే వినపడేది కాదు. ఆట జరిగేటప్పుడైనా కాస్త ఆపవయ్యా అంటే, "మైకు అద్దెకిచ్చింది నోరు మూసుకు కూర్చోడానికా అండి?" అనేవాడు కోటిలింగం. న్యాయమైన ప్రశ్నే కదా!

ఇంతమంది మైకును తిట్టుకుంటూ ఆట చూస్తుంటే, ఒక్క మనిషి మాత్రం మైకు వినడానికే వచ్చింది. ఆమె పేరు అంకమ్మ, ఊరు నిజాంపట్నం. తెల్లవారకుండానే చేపల గంప రేపల్లెలో దింపి, సరుకు అమ్మేసి, తెనాలి రైలెక్కి వచ్చేది. ఫుట్‌బాల్ అంటే ఏంటో ఆమెకు తెలియదు. వల కట్టి మరీ అందులో ఏమీ పడకుండా ఒక కుర్రాణ్ణి కాపలా పెట్టడం ఆమె బుద్ధికి అందలేదు.

ఆమె కొడుకు వీరాస్వామి నిజాంపట్నం జట్టుకు కెప్టెన్. వాడి తండ్రి బ్రహ్మయ్యకు ఈ గంతులంటే ఒళ్ళుమంట. పడవ మీద మనిషి చాలక తన నడుం విరుగుతుంటే, ఎదిగిన కొడుకు తోలుబంతి వెనక పరిగెత్తడమా? పోటీలు కాగానే బడి మానిపించి పడవెక్కిస్తానన్నాడు. అంకమ్మ ఏడ్చింది, అలిగింది, పొయ్యి వెలిగించడం మానేసింది. ఆకలికి తట్టుకోలేక బ్రహ్మయ్య ఒక మెట్టు దిగాడు.

"సరేలేవే. పెద్దోళ్ళ పేర్లన్నీ మైకులో చెబుతారు గదా? నీ కొడుకు పేరు ఒక్కసారి చెప్పమను. ఆడంత గొప్పోడైతే ఎస్సెల్సీ దాకా చదూకోనిస్తా. చెప్పలేదా, పడవే!"

అందుకే అంకమ్మ వచ్చి సరిగ్గా గొట్టం కిందే చతికిలబడింది. మూడు రోజులూ అదే చోటు. ఆట వైపు ఒక కన్ను, గొట్టం వైపు రెండు చెవులు.

ఇక నిజాంపట్నం పిల్లలు ఎలా నెగ్గారంటారా? అక్కడే ఉంది మైకు మహిమ! సముద్రం మీద కెరటాల హోరులో ఒక పడవవాళ్ళు అరిస్తే పక్క పడవకు వినపడదు. అక్కడ మాటలన్నీ చేతులతోనే. ఈ పిల్లలకు నడకతో పాటే ఆ సైగలూ వచ్చాయి. డ్రిల్లు మాస్టారు ప్రకాశరావు గారు, ఆటలో ఒకరినొకరు పిలుచుకోవాలర్రా అని ఏడాది పొడుగునా అరిచి, గొంతు పోగొట్టుకుని, చివరకు తనే సైగలు నేర్చుకున్నారు. మిగతా జట్లన్నీ అరుచుకుంటూ ఆడేవే. కోటిలింగం గొట్టాల కింద ఎవరి అరుపు ఎవరికి వినపడాలి?

మొదటి రోజు వేమూరు కెప్టెన్ గోలు ముందు ఒంటరిగా నిలబడి "ఇటివ్వరా! ఇటూ!" అని గగ్గోలు పెట్టాడు. సరిగ్గా అప్పుడే దాతల పేర్లు మొదలయ్యాయి. బంతి ఎటో పోయి వేరుశెనక్కాయల గంపలో పడింది, వేమూరు ఓడిపోయింది.

రెండో రోజు బాపట్ల ఒక గోలు ముందుంది. "అతిథులకు భోజనాలు సిద్ధముగా ఉన్నవి! పులిహోర తక్కువగా ఉన్నందున త్వరపడవలెను!" అంది మైకు. బాపట్ల జట్టు జట్టంతా పందిరి వైపు తల తిప్పింది. నిజాంపట్నం పిల్లలు మాత్రం తిప్పలేదు. వాళ్ళ చూపంతా ఒకరి చేతుల మీద ఒకరికి. బాపట్ల వాళ్ళు తేరుకునేలోగా రెండు గోల్స్! పులిహోర మాత్రం బాపట్ల వాళ్ళకే దక్కింది, అది వేరే సంగతి.

"మా వోడి పేరు చెప్పారా అయ్యా?" అని అంకమ్మ పక్కాయన్ని అడిగింది.

"లేదమ్మా. సోడా కొట్టు పేరు చెప్పారు."

మూడో రోజు ఫైనల్, తెనాలి జట్టుతో. బ్రహ్మయ్య కూడా పడవ మానుకుని వచ్చాడు, పందెం తేల్చుకోవడానికి. ఆట ముగియబోతోంది, చెరో గోలు. అప్పుడొచ్చింది జగన్నాథరావు గారి కారు! "అధ్యక్షుల వారు వేంచేసి ఉన్నారు! అందరూ లేచి నిలబడవలసినదిగా ప్రార్థన!" తెనాలి పిల్లలు మహా క్రమశిక్షణ గలవాళ్ళు. పదకొండు మందీ అటెన్షన్‌లో నిలబడ్డారు! వీరాస్వామికి కుడివైపు నుంచి సైగ అందింది, వెనకే బంతీ అందింది. అది గోల్‌కీపర్ చెవి పక్కనుంచి వలలోకి పోయింది. వాడు కనురెప్ప కూడా కదపలేదు!

తెనాలి పెద్దలు రెఫరీ మీద పడ్డారు. "నేను ఈల వేయలేదండి, వేసుంటే మీకు వినపడేది కాదండి," అన్నాడాయన.

ఆ తర్వాత సభ. జగన్నాథరావు గారు క్రీడల ఆవశ్యకత గురించి మాట్లాడారు, తమ తాతగారి గురించి మాట్లాడారు, బియ్యం మిల్లుల కష్టాల గురించి మాట్లాడారు. మైకు దాతలకు కృతజ్ఞతలు చెప్పింది, షామియానా వాళ్ళకు చెప్పింది, పులిహోర కలిపిన వాళ్ళకు చెప్పింది. ప్రతి పేరుకూ అంకమ్మ సగం లేచి మళ్ళీ చతికిలబడుతోంది. చిట్టచివరకు ప్రకాశరావు మాస్టారి వంతు వచ్చింది.

"విజేతలైన నిజాంపట్నం జట్టు కెప్టెన్, చిరంజీవి..."

కుయ్‌మంది మైకు. బ్యాటరీ అయిపోయింది!

మాస్టారు నోరు తెరిచి పేరు చెప్పారు, కానీ ఏడాదిగా అరిచిన ఆ గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. జగన్నాథరావు గారు వాచీ చూసుకుని, ఇక చాలన్నారు. బ్రహ్మయ్య పంచె దులుపుకుని లేచాడు.

"పదవే. సోమవారం నుంచి పడవ."

అంకమ్మ కదల్లేదు. ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది. రేపల్లె వీధుల్లో ఈ చివర నిలబడి "చేపలో!" అంటే ఆ చివర తలుపులు తెరిపించిన మనిషి. లేచి నడుముకు కొంగు బిగించింది.

"కప్పు గెలిచింది నా కొడుకండో! వీరాస్వామి! నిజాంపట్నం వీరాస్వామి!"

షామియానా కింద జనమంతా ఉలిక్కిపడి తిరిగారు. తర్వాత నిజాంపట్నం పిల్లలు "వీరాస్వామీ!" అని అందుకున్నారు. ఓడిన తెనాలి పిల్లలూ అందుకున్నారు, చివరికి సోడాలమ్మేవాళ్ళూ అందుకున్నారు. బంతిని తన్నిన వాడి పేరు మూడు రోజుల్లో మొట్టమొదటిసారి ఆ మైదానంలో వినపడింది.

"మైకులో రాలేదు గదే?" అన్నాడు బ్రహ్మయ్య.

"మైకు చచ్చింది. నేను బతికే ఉన్నాగా!"

బ్రహ్మయ్య కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఎస్సెల్సీ దాకానే సుమా," అన్నాడు.

చూశారా? ఊరికి కప్పొచ్చింది, కుర్రాడికి చదువు దక్కింది, అంకమ్మ పొయ్యి వెలిగింది. ఇంకా మైకును తిట్టడానికి మీకు నోరెలా వస్తుందండీ? ప్రతి ఊళ్ళోనూ, ప్రతి సభలోనూ మైకు ఉండి తీరాల్సిందే! బ్యాటరీ మాత్రం, అధ్యక్షుల వారు గొంతు సవరించుకునేసరికి అయిపోయేది చూసి పెట్టించండి.