చాప మీద దొంగ హాజరు

ఆ ఉదయం గుమాస్తా పెట్టుకున్న పని చాలా చిన్నది. భార్యను చాప మీద నిలబెట్టాలి, ఈలోగా తాను టీ తాగాలి, ఆరున్నరకల్లా సబ్బుల ఫ్యాక్టరీ గేటు దగ్గర తన కుర్చీలో ఉండాలి. రెండు నెలలుగా ఇదే వరస.

చాప అంటే పడుకునేది కాదు, పాదాల వేడి కొలిచేది. చెప్పుల్లేకుండా దాని మీద నిమిషం నిలబడితే, ఏ పాదం ఎక్కడ ఎక్కువ వేడిగా ఉందో కనిపెట్టి క్లినిక్‌కి కబురు పంపుతుంది. పుండు పైకి తేలకముందే లోపలి వాపును పసిగడుతుందట. పదేళ్ళ షుగరుతో మొద్దుబారిన గుమాస్తా అరికాళ్ళను చూసి, డాక్టరు దాన్ని ఆయనకు అంటగట్టాడు.

దాన్ని చూస్తేనే గుమాస్తాకి గుండెల్లో రాయి పడేది. వాళ్ళన్నయ్యకు మొదట ఒక వేలు తీశారు, తరువాత పాదం, ఆ తరువాత మోకాలి దాకా. ఆపైన అన్నయ్య కూడా ఎంతోకాలం లేడు. "కనిపెడితేనేగా కోసేది?" అన్నది గుమాస్తా సిద్ధాంతం. ఒకరి బదులు ఒకరు హాజరు వేయించుకునే కార్మికులను ఇరవై ఏళ్ళుగా పట్టుకుని, డేగకన్ను అని పేరు తెచ్చుకున్న మనిషి ఇంట్లో చేస్తున్న నిర్వాకం ఇది.

"ఏమండీ, ఇది తప్పు కాదూ?" అని ఆవిడ మొదట్లో నసిగింది.

"గుండ్రాయిలా ఉన్నావు. నీ పాదాల్లో దానికేం వంక దొరుకుతుంది? నిలబడు!"

ఆవిడ నిలబడింది.

ఆ రోజు పదిగంటలకు క్లినిక్ నర్సు ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. "మీ గుమాస్తాగారి ఎడమ పాదం చిటికెన వేలి దగ్గర మూడు రోజులుగా వేడెక్కుతోంది. ఆయన్ని అడుగు కూడా వెయ్యనివ్వకండి."

మేనేజరు అసలే పిరికివాడు. షిఫ్టు మొత్తం చూస్తుండగా నలుగురి చేత గుమాస్తాను కుర్చీతో సహా ఎత్తించాడు.

"నాకేం నొప్పి లేదు సార్!" అని గుమాస్తా గోలపెట్టాడు.

"అదేనయ్యా ప్రమాదం! నొప్పి తెలియకపోవడమే ఈ జబ్బు లక్షణమట!"

ఇక బాగున్నానని ఎంత గట్టిగా చెబితే జబ్బు అంత ముదిరినట్టే.

క్లినిక్‌లో డాక్టరు పాదాన్ని నొక్కాడు, తిప్పాడు. ఏమీ కనిపించలేదు. నిజం చెప్పేద్దామని గుమాస్తా నోరు తెరిచాడు. పక్కనే మేనేజరు ఉన్నాడు. దొంగ హాజరు పట్టుకునేవాడిదే దొంగ హాజరని తెలిస్తే, కుర్చీ పోతుంది, పరువు పోతుంది. "చాప పాడై ఉంటుందండీ," అన్నాడు.

డాక్టరు కొత్త చాప ఇచ్చి, అది తేల్చేదాకా వేసుకోమని మోకాలి దాకా ఓ బూటు బిగించి పంపాడు. మర్నాడు తానే నిలబడితే పీడ వదిలేది. కానీ నిలబడబోతే అన్నయ్య కాలు కళ్ళముందు మెదిలింది. మళ్ళీ ఆవిడనే పిలిచాడు.

కొత్త చాప ఇంకా ఎక్కువ వేడి చూపించింది. రెండు చాపలు అబద్ధమాడవని, లోపల ఎముకకే ఏదో పట్టి ఉంటుందని డాక్టరు మంచం దిగొద్దన్నాడు. గేటు దగ్గర గుమాస్తా బదులు మనుషుల ముఖాలు గుర్తుపట్టే యంత్రం పెట్టారు. సాయానికి బావమరిది దిగాడు. సాయమంటే, మంచం పక్కన కూర్చుని, "బావగారూ, కాలు కిందపెట్టకండి!" అని గంటకోసారి అరవడం. వేడినీళ్ళు, టీ, దిండ్లు మోస్తూ తిరిగేది మాత్రం ఆవిడే.

"చూశారా బావగారూ, మీమీద బెంగతో అక్క కూడా కుంటుతోంది."

గుమాస్తా కళ్ళు చెమ్మగిల్లాయి. జాలిగా ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆ చూపు ఇంకా కిందికి దిగలేదు.

పన్నెండో రోజున నర్సు ఇంటికే వచ్చింది. "బూటు విప్పి నా ఎదురుగా నిలబడండి," అంది. తప్పించుకునే దారిలేక గుమాస్తా కళ్ళు మూసుకుని చాప ఎక్కాడు.

"రెండు పాదాలూ సమానం. మీకేమీ లేదు."

ఆయన ఎగిరి గంతేసేవాడే. కానీ నర్సు ముఖంలో నవ్వు లేదు. "మరి ఇన్నాళ్ళూ దీనిమీద నిలబడింది ఎవరు?"

బావమరిది బావగారిని చూశాడు. బావగారు తల దించుకున్నాడు. దించుకున్న ఆ కళ్ళకు, టీ కప్పుతో వస్తున్న ఆవిడ వెనక గచ్చు మీద అడుగడుక్కీ ఎర్రటి మరక కనిపించింది.

నర్సు ఆవిడను కూర్చోబెట్టి ఎడమ చెప్పు లాగింది. అడుగున ఓ చిన్న మేకు దిగి ఉంది. చిటికెన వేలు నల్లబడింది.

"నొప్పేం లేదమ్మా, అందుకే తెలీలేదు," అంది ఆవిడ, తప్పు చేసినదానిలా.

చేతి వేలి కొసన సూది గుచ్చి రక్తం పరీక్షించింది. షుగరు ఎంతుందో నర్సు రెండుసార్లు చదువుకుంది. "ఫోన్ చేసిన రోజే తీసుకొచ్చుంటే మందులతో తగ్గిపోయేదండీ," అంది మెల్లగా.

గుమాస్తా నేలమీద చతికిలబడి, ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నా బదులు నిన్ను నిలబెట్టానే... నా బదులు..." అంటూనే ఉన్నాడు. ఆవిడే ఆయన తల నిమిరింది. ఆస్పత్రిలో పాదాన్ని కాపాడగలిగారు, వేలిని కాదు.

గేటు దగ్గర కుర్చీ మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఇంట్లో రెండు చాపలు. ఆవిడ ఆస్పత్రి నుంచి వచ్చి, కట్టు విప్పాక, మొదటిసారి ఇద్దరూ ఎవరి చాప మీద వారు నిలబడ్డారు. తరువాత గుమాస్తా గోడకున్న క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, ఆ తేదీ కింద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: "ఇద్దరూ హాజరు. ఒక వేలు గైర్హాజరు."