కూలర్ ఇంకా కుదరలేదు

సీపీయూ కూలర్ ఎంపిక ఎప్పటికీ తెమలకపోవడమే సంసారానికి శ్రీరామరక్ష. నవ్వకండి! డిగ్రీ చదువుకున్నదాన్ని, ఊరికే అనను.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. కంప్యూటర్ మెదడును సీపీయూ అంటారు. పని తగిలితే అది వేడెక్కుతుంది. అందుకని దాని నెత్తిన రేకు రెక్కల దొంతర ఒకటి, దాని మీద చిన్న ఫ్యాను ఒకటి కూర్చోబెడతారు. అదే కూలర్. మొన్న ఎండాకాలం దాకా ఈ సంగతి నాకూ తెలీదు. ఇప్పుడు మాత్రం నేను లిఫ్ట్ ఎక్కగానే లోపలున్నవాళ్లు రాని ఫోన్లు చెవిన పెట్టుకుంటున్నారు, ఎక్కడ మొదలుపెడతానో అని.

మా అమ్మాయి రసజ్ఞ డిజైన్ కోర్సులో చేరింది. సొంతంగా కంప్యూటర్ బిగించుకుంటానంది. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మావారు శ్యామ్ "సరే, కానీ చిన్నది" అన్నారు. నిజమే మరి! మా పుప్పాలగూడ ఫ్లాట్‌లోకి పెద్ద కంప్యూటర్ వస్తే ఇంట్లో ఎవరో ఒకరు లిఫ్ట్ దగ్గర పడుకోవాలి. అలా చెప్పుల డబ్బా అంత కేస్ ఒకటి ఇంటికొచ్చింది. అందులో పట్టే కూలర్ కోసం వేట మొదలైంది.

పొట్టిది పెడితే చల్లబడదు. పొడుగుది పెడితే మూత పడదు. నీళ్లతో చల్లబరిచే రకం పెడదామంటే గొట్టాలు వంచే చోటు లేదు. మధ్యరకం తెద్దామంటే పక్కనున్న జ్ఞాపకశక్తి పలకను, అదే ర్యామ్‌ను, ఒరుసుకుంటుంది. ఇంతకంటే వరం ఏం కావాలండీ!

అంతకుముందు మా ఇంట్లో ఆయన ఒక గది, అది ఒక గది. ఇద్దరి చెవులకూ హెడ్‌ఫోన్లు. గది నుంచి వంటింటికి నాలుగడుగులే అయినా "అమ్మా, టీ" అని వాట్సాప్‌లో వచ్చేది. నేను బొటనవేలు పంపేదాన్ని. మా ఇంటి సంభాషణలన్నీ అచ్చువేస్తే సగం పుస్తకం బొటనవేళ్లే ఉంటాయి.

కూలర్ వచ్చి, కాదు కాదు, రాకపోయి మమ్మల్ని ఉద్ధరించింది. రోజూ సాయంత్రం తండ్రీకూతుళ్లు డైనింగ్ టేబుల్ దగ్గర చేరడం మొదలైంది.

"నాన్నా, ఇది ఫుల్ లోడ్‌లో తొంభై డిగ్రీలు దాటేస్తుంది."

"మీ అమ్మ రోజూ దాటుతుంది. మార్చేశామా?"

"ఇంత చిన్న సైజులో వేరే మోడల్ దొరక్క ఊరుకున్నారు" అంది రసజ్ఞ.

నన్ను ఆడిపోసుకోవడానికైనా ఇద్దరూ ఒక్కచోట కూర్చున్నారు కదా అని ఇంకో రెండు పెసరట్లు వేశాను.

ఈ కూలర్ పుణ్యమా అని మావారికి ఉప్పు డబ్బా ఏ అరలో ఉంటుందో తెలిసింది. హాస్టల్లో టేబుల్ ఫ్యాను బాగుచేయబోయి ఫ్లోరంతా చీకటి చేసిన కథ చెప్పారు. రసజ్ఞ పడీపడీ నవ్వింది. ఎనిమిదో తరగతి తర్వాత అది తండ్రి జోకుకు నవ్వగా చూడటం అదే మొదటిసారి. పక్క ఫ్లాట్ ప్రియదర్శిని వాళ్లేమో బిగించిన కంప్యూటరే కొని తెచ్చేసుకున్నారు. పాపం, వాళ్లింట్లో మాట్లాడుకోవడానికి ఏం మిగిలిందని!

మా ఇంట్లో పనిచేసే సీతాబాయికి మాత్రం ఓపిక నశించింది.

"జర కాళ్లు మీదికి వెట్టుకోండ్రి సారూ, తుడవాలె. ఎండలు వోయినయ్, వానలొచ్చినయ్, గీ డబ్బా మూత మాత్రం పడ్తలేదు. మా తమ్మునికి పిల్లను సూసుడు గూడ గింత లేట్ గాలే!"

"పిల్ల అయితే తేలికే సీతాబాయీ, ర్యామ్‌కు తగలదు" అన్నారు మావారు గంభీరంగా.

ఇంతటి వరాన్ని కాపాడుకోవద్దూ? "ఇదే ఫైనల్" అంటూ రసజ్ఞ ఆర్డర్ మీద వేలు పెట్టబోయినప్పుడల్లా నేను పళ్లేలు సర్దుతూ అమాయకంగా అడిగేదాన్ని. "మరి మూత పడుతుందా తల్లీ?"

కొలవాలి. స్టీలు స్కేలు కనిపించదు. ఎక్కడికి పోయిందో ఏమో! అప్పుడు నా జాకెట్లు కుట్టుకునే టేపు ఇచ్చేదాన్ని. పాత టేపు, సాగి సాగి దేన్నయినా కాస్త తక్కువే చూపిస్తుంది. ఆ టేపు లెక్కన పెళ్లయినప్పటి నుంచి నా నడుము పెరగనే లేదు. దాంతో కేస్ లోపలి చోటు కొలిస్తే ఏ కూలరూ ఆ డబ్బాలో పట్టదు. వెతుకులాట మళ్లీ మొదటికి!

ఆఖరికి మావారి ఆఫీసులో చెన్నకేశవులనే పుణ్యాత్ముడు ఒకడు, అదే కేస్‌లో తాను వాడుతున్న కూలర్ పేరు చెప్పేశాడు. ఇక కొలతలతో పనిలేకపోయింది. వచ్చింది. పట్టింది. మూత పడింది.

ఎంత నెమ్మదైన ఫ్యాన్ అనుకున్నారు! చప్పుడు ఇరవై డెసిబెల్స్ అని అట్టపెట్టె మీద వేశారు. ఇప్పుడు మా ఇల్లంతా కలిపినా అంతే. ఆయన ఒక గది, అది ఒక గది. "అమ్మా, టీ." బొటనవేలు.

నిన్న సాయంత్రం నా చేతులకు పిండి ఉండి రసజ్ఞను కుక్కర్ పెట్టమన్నాను. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. గ్లాసుతో పాటు స్టీలు స్కేలు పైకొచ్చింది.

నేను కిటికీలోంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అందాలు చూడసాగాను.

అది స్కేలును చూసింది. కుట్టుమిషన్ మీద వేలాడుతున్న టేపును చూసింది. నన్ను చూసింది. స్కేలును మళ్లీ డబ్బాలో అడుగంటా గుచ్చి, పైన బియ్యం సర్ది, వెళ్లి తండ్రి గది తలుపు కొట్టింది.

"నాన్నా! నా కంప్యూటర్‌లో ఫ్యాను కొట్టుకుంటున్నట్టు సౌండ్ వస్తోంది. కూలర్ సరిగ్గా కూర్చోలేదేమో!"

"అవునండీ, నాకు వంటింట్లోకే వినిపిస్తోంది" అన్నాను.

మావారు హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకుంటూ వచ్చారు. కంప్యూటర్ దగ్గర వంగి, చెవి ఆనించి చాలాసేపు విన్నారు. దాన్ని పొద్దుటి నుంచి ఆన్ చేయనే లేదు.

"నిజమే, భరించలేని సౌండు" అన్నారు, దాన్ని రెండు చేతులా డైనింగ్ టేబుల్ మీదికి మోసుకొస్తూ. "ఈ కూలర్ లాభం లేదు, వేరేది చూడాల్సిందే. స్కేలు ఎలాగూ కనిపించదు గానీ, రత్నా, నీ టేపు ఓసారి ఇవ్వు."