పద్దు లేని ప్రయాణం

జనగామలో ఉండే బ్యాంకు అధికారి సౌమ్య పొద్దుటి రైలుకు కేసముద్రంలో దిగుతుంది. ఆటోలో ఊరికి తీసుకొచ్చి, చాయ పోసి, మర్యాదగా మాట్లాడితే మహిళా సంఘానికి కారం పట్టే గిర్నీకి అప్పు వచ్చినట్టే. అధ్యక్షురాలు రాజమణి వేసుకున్న పథకం ఇంతే. గిర్నీ వస్తే ఊళ్ళో మిరపకాయ అగ్గువ ధరకు వ్యాపారి పాలు కాదు. అందుకోసం ఆమె మొక్కని దేవుడు లేడు.

పథకంలో ఆమె మరిచిపోయింది కోశాధికారి ఉప్పలమ్మను. ఉప్పలమ్మ పోయిన నెలే మహబూబాబాద్‌లో బడ్జెట్ శిక్షణకు వెళ్ళొచ్చింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, అప్పట్నుంచీ సంఘానికి నిద్ర లేదు.

"ఆటోకు పైసలియ్యి," అంది రాజమణి.

"రాకపోకల పద్దుల పైసలు ఒడిసినయక్కా."

"చాయ పద్దుల ఉన్నయి గదా, తియ్యి."

"చాయ పైసలు చాయకే. గట్లనే చెప్పిండ్రు."

"సరే, నా చేతి పైసలిస్త."

"సొంత పైసలు సంఘంల కలపొద్దు. గది ఇంకా పెద్ద తప్పట."

రాజమణి నెత్తి పట్టుకుంది. మక్కజొన్నలు వేసుకుని ట్రాక్టర్ మీద మార్కెట్‌కు బయలుదేరుతున్న కట్టయ్యకు జాలేసింది. అతను ఉప్పలమ్మ భర్త.

"నేను గటు దిక్కే పోతున్న. మేడంను ఊరికెనే ఎక్కించుకొస్త."

"ఊరికెనే అంటే విరాళం," అంది ఉప్పలమ్మ, మొగుడని కూడా చూడకుండా. "విరాళం తీసుకోవాలంటే సంఘం కూసోని తీర్మానం చెయ్యాలె."

కూర్చునే వ్యవధి లేదు. అందుకని సంఘాన్నంతా పిలిచి మక్కల మీదే కూర్చోబెట్టారు. దారి పొడుగునా ఇంజను మోతకు ఎవరి మాటా ఎవరికీ వినపడక తీర్మానం తేలలేదు. స్టేషన్ చేరేసరికి రైలు వచ్చేసింది. ఆడవాళ్ళంతా ప్లాట్‌ఫారం మీదికి ఉరికి, చేతులెత్తి, "ఒప్పుకుంటున్నం" అని ఒక్కసారే అరిచారు.

రైల్వే పోలీసు లాఠీతో పరుగున వచ్చాడు. "ధర్నా అయితుంది, దిగకుండ్రి మేడం," అన్నాడు తలుపు దగ్గరి ప్రయాణికుడు. సౌమ్య దించబోయిన కాలు వెనక్కి తీసుకుంది. రైలు కూత పెట్టింది. గిర్నీ కూడా అదే రైల్లో వెళ్ళిపోతున్నట్టు రాజమణికి ఏడుపొచ్చింది.

ఉప్పలమ్మ ఆగలేదు. తలుపు దగ్గరికి ఉరికి, "దిగుండ్రి మేడం, తీర్మానం నెగ్గింది," అని చెయ్యి పట్టుకుని దించేసింది.

సంగతంతా విన్న సౌమ్య చెమట తుడుచుకుంది. "ఇంత పరేషాన్ ఎందుకమ్మా, ఆటోకు నేనిస్త."

"మీ పైసలు అప్పు పద్దులనే తీసుకుంటం మేడం."

సౌమ్యకు నవ్వు ఆగలేదు. "మీ చేతికిచ్చిన పైస ఎటూ పోదు. గిర్నీ అప్పు రాసిస్త," అంది. రాజమణి ఉప్పలమ్మను కావలించుకుంది. తిట్టాలో మొక్కాలో ఆమెకు తెలియలేదు.

"గని ఉప్పలమ్మా, తీర్మానం జేసి చాయ పైసలే ఆటోకు మార్చుకోవచ్చు గదా. శిక్షణల రెండో రోజు చెప్పేది గదే."

"రెండో రోజు నేను పోలేదు మేడం," అంది ఉప్పలమ్మ. "బస్సు ఫ్రీనే గని, దిగినంక ఆటోకు పద్దుల పైసల్లేవు."