ఏసీలో పెట్టిన గిటారు

వస్తువు అన్నాక దానికి ఒక గ్రేడు ఉండాలి. గ్రేడు లేని వస్తువు ఎదురుపడితే, చూసినవారు దానిని అక్కడే ఆపి కమిటీకి తెలియజేయాలి. రాగన్నపాలెం మార్కెట్ కమిటీ కొనుగోళ్ల నియమావళి ఈ మాటతో మొదలవుతుంది. ఆ పుస్తకం రాసిననాటికి కమిటీ మిరపకాయలు తప్ప వేరే సరుకు చూసి ఎరగదు. తర్వాత బీరువాలు కొంది, ఫ్యాన్లు కొంది, ఒకసారి పూలదండలు కొంది. అన్నిటికీ మిరపకాయల పత్రం మీదనే గ్రేడు వేసింది. (పూలదండలకు బి గ్రేడు వచ్చింది. తేమ ఎక్కువ.)

మార్కుకి ఇదంతా తెలుసు. ఆ యార్డులో తొమ్మిదేళ్లు కాటా గుమాస్తాగా చేశాడు. తెలిసీ ఫిబ్రవరి మూడో తేదీన, తనకు ఎలక్ట్రిక్ గిటారు ఒకటి కావాలని కమిటీకి అర్జీ పెట్టాడు. పెట్టక తప్పలేదు.

రెండేళ్ల కిందట కమిటీ ‘రైతు చైతన్య వాద్య బృందం’ ఏర్పాటు చేసింది. కాయలు బాగా ఆరబెట్టి తెమ్మని, తెల్లబారిన తాలుకాయలు కలపొద్దని రైతులకు పాటగా చెప్పడం దాని పని. బృందంలో పాడేది రహిమున్నీసా. అంతకు ముందు పదకొండేళ్లు షెడ్డులో కూర్చుని మిరపకాయల తొడిమలు తీసింది. షెడ్డు వదిలాకే ఆవిడకి దగ్గు తగ్గింది. గిటారు వాయించేది మార్కు, వాళ్ల చర్చిలో నేర్చుకున్నాడు. బృందమంటే ఈ ఇద్దరే. (మంజూరైన పోస్టులు ఏడు.)

నవంబరులో లారీ మీంచి ఒక మిర్చి టిక్కీ, అంటే నిండు బస్తా, జారి మార్కు సొంత గిటారు మీద పడింది. టిక్కీకి ఏమీ కాలేదు. ప్రమాద నివేదికలో ఉన్నది ఆ ఒక్క వాక్యమే.

బృందం ఏడాదికి ఒక ప్రదర్శనైనా ఇవ్వాలి. మార్చి ముప్పై ఒకటిలోగా ఇవ్వకపోతే రద్దవుతుంది. రద్దయితే మార్కు కాటా దగ్గరికి వెళతాడు, రహిమున్నీసా తొడిమల షెడ్డుకి వెళుతుంది.

“ఏవయ్యా మార్కూ, నీ గిటారు ఎందాకా వచ్చింది?” అని ఆవిడ రోజూ అడిగేది.

“ఫైలు నడుస్తోందక్కా.”

“నడవటానికి దానికేవన్నా కాళ్లున్నాయా? నువ్వే చంకనేసుకుని తిప్పు.”

మార్కు తిప్పాడు. నియమం ప్రకారం ఏ వస్తువునూ ఒంటరిగా చూసి కొనకూడదు. చవకది ఒకటి, ఖరీదుది ఒకటి తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చాలి.

చవకది గుంటూరు బ్రాడీపేటలో మాబు దగ్గర దొరికింది. రెండు కోచింగ్ సెంటర్ల మధ్య, మెట్ల కింద మాబు కొట్టు. గిటార్లు బాగుచేస్తాడు. ఎర్ర గిటారు ఒకటి దించి, తొమ్మిదిన్నర వేలన్నాడు. మార్కు చెయ్యి వేసి చూశాడు. తీగలు పలక మీద మరీ ఎత్తుగా ఉన్నాయి. మెడ మీద అడ్డంగా ఉండే ఫ్రెట్ల కొసలు వేళ్లకు గీసుకుంటున్నాయి.

“దీంతో ఏం వాయిస్తానన్నా?”

“ఇప్పుడెవడు వాయించమన్నాడు? నాలుగు రోజులాగి రా. చెక్కలో తేడా ఉంటది, తీగ మోత పట్టే పికప్పుల్లో తేడా ఉంటది, నేను కాదన్ను. కానీ తీగల ఎత్తు కుదరకపోతే తొమ్మిది వేలదీ కట్టే, తొమ్మిది లక్షలదీ కట్టే.”

నాలుగు రోజుల్లో మాబు ఫ్రెట్ల కొసలు ఆకురాయితో నున్నగా చేశాడు. మెడలోని ఇనుప కడ్డీ తిప్పి వంపు సరిచేశాడు. తీగలు కిందికి దించాడు. కింద పలికిన స్వరం పైన కూడా తప్పకుండా పలికేలా తీగలు ఆనే బ్రిడ్జి జరిపాడు. ఆదివారం మార్కు వెళ్లి వాయించాడు. ఒక పాట అనుకుని మొదలుపెట్టి ఏడు వాయించాడు. పై కోచింగ్ సెంటర్ నుంచి మనిషొచ్చి ఆపమన్నాడు.

ఖరీదుది హైదరాబాదు నుంచి ఒక కంపెనీ పంపింది. రెండు లక్షల నలభై వేలు. నల్ల పెట్టె, లోపల నీలం మఖమలు గుడ్డ. పరీక్ష అయ్యేదాకా సరుకులో ఏ మరా తిప్పరాదని మూత మీద ఒక కాగితం అంటించి ఉంది.

పోలిక మార్చి తొమ్మిదిన, కాటా షెడ్డులో జరిగింది. పరీక్షకుడు పేరయ్య గారు. ముప్పై ఒక్క ఏళ్లుగా మిరపకాయలకు గ్రేడు వేస్తున్నారు. ఒక్కసారి కూడా తప్పు వేశారని అనిపించుకోలేదు. ఆయన రెండు గిటార్ల చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూసి, లేచారు.

“చెయ్యి పెట్టటానికి బొక్క లేదేవిఁటి?”

“ఇవి ఎలక్ట్రిక్ గిటార్లు బాబాయ్. లోపల గుల్ల ఉండదు.”

“పైన మంచి కాయ పోసి అడుగున తాలు పెట్టే రైతులూ ఇదే మాట చెప్తారు. సర్లే, రాసుకుంటా.”

పత్రంలో గడులు ఆరు. మొదటిది రంగు. మాబు గిటారు ఎరుపు, ఖరీదుది తేనె రంగు. పేరయ్య గారు రెండో దాని ఎదురుగా ‘ఎండకు వెలిసింది’ అని రాశారు. పొడవులో తీగలను మెడ కొస నుంచి బ్రిడ్జి దాకా కొలిస్తే ఎర్రది ఇరవై అయిదున్నర అంగుళాలు, తేనె రంగుది ముప్పావు అంగుళం తక్కువ తేలింది. తేమ కొలిచే యంత్రానికి రెండు సూదులుంటాయి. ఎర్రదాని వెనకవైపు అవి దిగాయి, తొమ్మిది శాతం చూపించాయి. (రెండు బెజ్జాలు మిగిలాయి. మార్కు తల తిప్పుకున్నాడు.) తేనె రంగుదానికి పూత గట్టిగా ఉండి సూదులు దిగలేదు. రీడింగు ఇవ్వని సరుకును తడిదిగా భావించాలని నియమం.

తర్వాత తాలు. మిరపకాయ మీద తెల్ల మచ్చ ఉంటే తాలు కిందే లెక్క. ఖరీదు గిటారు మెడ మీద ముత్యపుచిప్ప పొదిగి ఉంది. పేరయ్య గారు కళ్లజోడు సర్దుకుని లెక్కపెట్టారు.

“పది మచ్చలు. ఇంత తాలుతో రెండు లక్షల నలభై ఎట్టా అడిగాడయ్యా వీడు?”

తొడిమ తీసిన కాయకు గ్రేడు ఎక్కువ. గిటారుకి తొడిమ ఏదని చర్చ జరిగి, మెడేనని తేలింది. మాబు గిటారు మెడ నాలుగు మరలతో బిగించింది కాబట్టి ఊడింది. ఖరీదుదానికి మెడ జిగురుతో అతికించి ఉంది. ఊడదు. ఆ గడిలో కూడా ఎర్రదే గెలిచింది. మార్కుకి ఆ మెడ మళ్లీ బిగించి, మాబుకి ఫోన్ చేస్తూ తీగల ఎత్తు కుదుర్చుకోవడానికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. మాబు ఆ గంటా ఇరవై నిమిషాలూ ఫోన్లో తిట్టాడు.

ఆఖరిది ఘాటు. నమూనా ముందుకు తెచ్చినప్పుడు పరీక్షకుడి కళ్లలో నీళ్లు రావాలని నియమావళి చెబుతోంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పేరయ్య గారికి ఇరవై ఏళ్లుగా ఏ మిరపకాయకూ కళ్లలో నీళ్లు రావడం లేదు. పక్కవాళ్ల కళ్లు చూసి రాస్తుంటారు. ఖరీదు తెలిస్తే వినడానికి పిలిచిన హమాలీల చెవులు మారతాయని మధ్యలో టార్పాలిన్ పట్టా కట్టించారు. మార్కు పట్టా వెనక నిలబడి ఒకే పాటను రెండిటి మీదా వాయించాడు. మొదట ఎర్రది. హమాలీలు తలలూపారు. తర్వాత ఖరీదుది. పెట్టెలోంచి తీసింది తీసినట్టే ఉంది కాబట్టి తీగలు ఎత్తుగా ఉన్నాయి, పై స్వరాలు పక్కకు పోయాయి.

“ఎవుర్రా అది, పిల్లిని తొక్కింది?” అని ఒక హమాలీ అరిచాడు. అందరూ నవ్వారు. ఎవరి కళ్లలోనూ నీళ్లు రాలేదు. ఘాటు గడి ఖాళీగా ఉంచారు.

మార్కు పెట్టె మూసేముందు ఖరీదు గిటారు తీగ ఒకటి మీటాడు. ఎర్రదాని మీద అదే స్వరం నాలుగు సెకన్లు నిలిచింది. దీని మీద పదకొండు. గెలిచింది తనకు కావలసినదే. అయినా ఊరుకోలేక పేరయ్య గారి దగ్గరికి వెళ్లాడు.

“బాబాయ్, దీనికి కూడా మాబన్న చెయ్యి పడితే ఇదే మంచిది.”

“ఆరబెడితే బాగుంటదని ప్రతి రైతూ చెప్తాడు నాయనా. ఇవాళ ఎట్టా ఉందో అదే గ్రేడు.”

ఎర్రదానికి ‘ఏ’ గ్రేడు, తేనె రంగుదానికి సి గ్రేడు వచ్చాయి. కమిటీ ఎర్రదాన్ని కొంది. మచ్చు కింద పేరయ్య గారు రెండు విడి తీగలు పొట్లం కట్టారు. సెక్రటరీ వేణుగోపాల్ గారు వాల్యూమ్ బొత్తాం తీసుకున్నారు. (మచ్చు తిరిగి ఇచ్చే ఆచారం యార్డులో లేదు.) ఖరీదుది హైదరాబాదు వెళ్లిపోయింది.

మర్నాడు మార్కు సెక్రటరీ గారి గదికి వెళ్లాడు.

“సార్, గిటారు ఇప్పిస్తే ఇరవయ్యారో తేదీన పెదకాకానిలో ప్రోగ్రాం పెట్టుకుంటాం.”

“గెలిచింది కదయ్యా. అదే చిక్కు.” వేణుగోపాల్ గారు పోలిక పత్రం మార్కు వైపు తిప్పారు. “సి గ్రేడు గిటారు ఎంత పలుకుతోంది?”

“రెండు లక్షల నలభై వేలు సార్.”

“మరి ‘ఏ’ గ్రేడుది?”

“తొమ్మిదిన్నర వేలు.”

“అంటే ‘ఏ’ గ్రేడు ధర పడిపోయిందన్నమాట. ధర పడినప్పుడు మంచి సరుకున్న రైతు ఏం చేస్తాడు?”

తలుపు దగ్గరున్న పేరయ్య గారు పలికారు.

“ఏసీలో పెడతాడండి.”

ఆ ప్రాంతంలో కోల్డ్ స్టోరేజీని ఏసీ అంటారు. ధర రాని మిరపకాయలు అక్కడ చల్లగా పడుకుని మంచి రోజుల కోసం ఎదురుచూస్తాయి. ‘ఏ’ గ్రేడు సరుకును పడిన ధరకు బయటికి వదలరాదని నియమావళిలో పద్నాలుగో నిబంధన. సెక్రటరీ గారి లెక్కలో ఆ గిటారు ధర రెండు లక్షల నలభై వేలకు చేరిన రోజున బయటికి వస్తుంది.

“ఇంకో దారి లేదా సార్?”

“ఉంది. ఆరు గడులూ నిండిన సరుకును కమిటీ సొంత వాడకానికి తీసుకోవచ్చు. దీనికి ఘాటు గడి ఖాళీగా ఉందిగా. పేరయ్య గారు రాస్తే ఇప్పుడే ఇచ్చేస్తాను.”

పేరయ్య గారు చేతులు వెనక్కి కట్టుకున్నారు. “రాకుండా ఎట్టా రాస్తానండీ?”

గిటారును గోనెసంచిలో కుట్టి, నంబరు వేసి, ఏసీకి పంపారు. సరుకు దాచినందుకు రసీదుగా మార్కు చేతికి బాండు కాగితం వచ్చింది. మాబుకి ఫోన్ చేసి చెప్పాడు.

“ఏసీలోనా? మెడ వంగిపోద్దిరా! అది గిటారా, పచ్చడి జాడీయా?”

“రూల్లో మెడ గురించి లేదన్నా.”

ఇరవయ్యారో తేదీ వచ్చి వెళ్లింది. రహిమున్నీసా బాండు కాగితం అడిగి తీసుకుంది. ముందువైపు అందరూ చదువుతారు. ఆవిడ వెనకవైపు చదివింది.

“ఇదుగో, చూడు. ‘సరుకుదారు గోదాములోనే సరుకును అరగంటసేపు పరిశీలించుకోవచ్చు.’ వాయించకపోతే గిటారుని ఎట్టా పరిశీలిస్తావయ్యా? అదే మన ప్రదర్శన. ఆ పేరయ్యని కూడా పిలువు. ఆ గడి సంగతి కూడా తేలిపోద్ది.”

“లోపలంతా ఘాటక్కా. నీకు దగ్గొస్తది.”

“అరగంట దగ్గితే ఏడాది షెడ్డు తప్పుద్ది. నోరు మూసుకుని తీగలు సవరించుకో.”

మార్చి ముప్పై ఒకటి, ఉదయం పదకొండు గంటలు. ఏసీ రెండో అంతస్తులో ఎనిమిది డిగ్రీలు. నాలుగు వైపులా పైకప్పు దాకా టిక్కీలు. రహిమున్నీసా ఖాళీ గోనెసంచి ఒకటి భుజాల మీద కప్పుకుంది. చలికి తీగలు బిగిసి శ్రుతి పైకి పోయింది. చేతుల వేడికి తీగలు సర్దుకునేదాకా ఆగి శ్రుతి చెయ్యమని మాబు చెప్పాడు. మార్కు ఆగాడు. అరగంటలో ఇరవై నిమిషాలు దానికే పోయాయి. బొత్తాం లేదు కాబట్టి స్పీకరులో శబ్దం తగ్గించే వీలు లేదు. సెక్రటరీ గారు సైనస్ ఉందని తలుపు బయట నిలబడి గడియారం చూస్తున్నారు. పేరయ్య గారు పత్రం పట్టుకుని ఒక టిక్కీ మీద కూర్చున్నారు.

పాట తేమ గురించి. కాయను మూడుసార్లు తిరగెయ్యమని, మంచులో వదలొద్దని. రహిమున్నీసా రెండో చరణంలో ఒకసారి దగ్గింది. గోనె అంచు నోటికి అడ్డం పెట్టుకుని, మార్కు అదే వరసను ఇంకోసారి వాయించేదాకా ఆగి, విడిచిన మాట దగ్గరే అందుకుంది. షెడ్డులో తొడిమలు తీస్తూ పాడిన గొంతు అది. అప్పుడు వినడానికి ఎవరికీ పని తెమిలేది కాదు. మెడ వంగినా, వెనక బెజ్జాలున్నా, ఎర్ర గిటారు ఆ గొంతు వెంట తప్పకుండా నడిచింది. పేరయ్య గారు పత్రం వైపు చూడటం మానేశారు. తర్వాత కళ్లజోడు తీశారు. కండువా కొసతో ఒక కన్ను తుడుచుకుని, తడి అయిన కొసను వేళ్ల మధ్య నలిపి చూసుకున్నారు. మార్కు చూశాడు. చూసి, శ్రుతి తప్పకుండా పాట ముగించాడు.

సమయం అయిపోయిందని సెక్రటరీ గారు తలుపు కొట్టారు.

ప్రదర్శనను కమిటీ ఆమోదించింది. బృందానికి మరో ఏడాది పొడిగింపు వచ్చింది. నివేదికలో ప్రేక్షకులు ముప్పై ఎనిమిది వేల టిక్కీలని, మధ్యలో లేచి వెళ్లినవారు ఎవరూ లేరని రాశారు. రెండూ నిజాలే.

పేరయ్య గారు పోలిక పత్రాన్ని ఆ మధ్యాహ్నమే సమర్పించారు. ముప్పై ఒక్క ఏళ్లలో తప్పు రాయని చేతితో, ఘాటు గడిలో ఇలా రాశారు: “పరీక్షకుడి కళ్లలో నీళ్లు వచ్చినవి. పరీక్ష మిర్చి గోదాములో జరిగినందున పరిగణనలోకి తీసుకోలేదు.”