ప్రోటాన్ మేడమ్ డెమో క్లాస్

పిల్లల బుర్రలోకి ప్రశ్న రాకుండా చూడటమే అసలైన చదువు! నవ్వకండి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి తలెత్తి చూడండి, ఈ మహత్కార్యం కోసం ఎన్ని అంతస్తులు లేచాయో.

అక్కడే ఓ కోచింగ్ సెంటర్‌కి మొన్న ఎల్‌బీ నగర్ నుంచి మృదుల అనే ఆవిడ డెమో క్లాస్ చెప్పడానికి వచ్చింది. ఫిజిక్స్‌లో డాక్టరేట్. చేస్తున్న ప్రాజెక్టు ఆగిపోయింది, చేతిలో మరో ఉద్యోగం లేదు. ఆశంతా ఈ క్లాసు మీదే.

వచ్చినావిడ బోర్డు మీద సూత్రం రాసి, కింద గీత గీసి ఊరుకోవచ్చుగా? అబ్బే! తీవ్రమైన లేజర్ పల్స్ సన్నటి రాగిరేకును తాకితే అక్కడ విద్యుత్ క్షేత్రాలు పుట్టి, కనురెప్ప వాలేలోపే మాయమైపోతాయట. మీటరు పెట్టి కొలిచే వీల్లేదు. అందుకని ప్రోటాన్లను అటుగా పంపి, అవి ఎటు వంగి ఫిల్ము మీద ఎక్కడ పడ్డాయో చూసి, లోపల జరిగింది ఊహిస్తారట.

చూశారా దుర్మార్గం! ఏసీ గదిలో హాయిగా కునికిపాట్లు పడుతున్న పిల్లలు నిటారుగా కూర్చున్నారు. సింధూర అనే అమ్మాయైతే చెయ్యే ఎత్తేసింది.

"మేడమ్, లోపల రెండు వేరే వేరే సంగతులు జరిగి, ఫిల్ము మీద ఒకటే బొమ్మ పడితే ఎట్ల?"

మృదుల ముఖం వెలిగిపోయింది. "ఎంత మంచి ప్రశ్న అడిగావమ్మా! ఒక్కోసారి అలాగే అవుతుంది. అప్పుడు ఏది నిజమో నాకూ కచ్చితంగా తెలీదు. నాలుగేళ్లుగా నేను కుస్తీ పడుతున్నది దాంతోనే."

వెనక బెంచీలోంచి డైరెక్టర్ సైదులు సార్ లేచాడు. "ఏంది మేడమ్, గా ఒక్కదానికి నాలుగేండ్లా? మా పిల్లలు నాలుగు ఆప్షన్లు చూసి నిమిషానికో ప్రశ్న కొట్టిపారేస్తరు. తెలీదు అంటున్నరని పేరెంట్స్‌కు తెలిస్తే మేమేం గావాలె?"

న్యాయమే కదా!

అయినా ఆయనది వెన్నలాంటి మనసు. "క్లాసులు వద్దు గని, జర ఫొటో ఇచ్చిపోండి. లేజర్ సైంటిస్ట్ మా ఫ్యాకల్టీ అని ఫ్లెక్సీ ఏస్తం. నెలనెలా జీతమిస్తం" అన్నాడు. పని లేకుండా జీతం! ఎందరికి దక్కుతుందండీ? పైగా ఫొటోని ఎవరూ ప్రశ్నలు అడగరు.

"పాఠం చెప్పనిస్తే వస్తానండీ. ఫొటో మాత్రం ఇవ్వను" అని బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది మృదుల. మెట్ల మీద కళ్లు తుడుచుకుందట. వెర్రిబాగుల మనిషి!

అన్నట్టు, ఆ సింధూర మా అమ్మాయే. ఆ రోజు క్లాసయ్యాక సార్ ఆఫీసులోకి పిలిచి గట్టిగా గడ్డి పెట్టారు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఎందుకు, ఎట్ల అంటూ నా ప్రాణం తోడేసిన పిల్ల! ఇప్పుడు నోరు మెదపడం లేదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను.

నిన్న అన్నం తింటుంటే నేనే ఉండబట్టలేకపోయాను. "ఏదైనా అడగవే తల్లీ" అన్నాను.

సింధూర కంచంలోంచి తల కూడా ఎత్తలేదు.

"ఏమడగాలె డాడీ? ఆప్షన్లు చెప్పు."