జ్యూరీ కొట్టిన దెబ్బ

అన్యాయమంటే ఏమిటో తెలియకపోతే నన్నడగండి. స్నోబోర్డు ప్రపంచ పోటీల్లో నాకు ఘోరంగా జరిగింది. నేను పోటీ చేయలేదనుకోండి. మంచుతో నా పరిచయం ఇంగ్లండులో మేముండే మిల్టన్ కీన్స్‌లో చలికాలం పొద్దున్నే కారు అద్దం గీక్కోవడం వరకే.

అసలు గొడవంతా మా బావమరిది చక్రి వల్ల. కోవెంట్రీలో ఉంటాడు. ఈమధ్య మైకు పట్టుకుని సంగీతంతో పాటు పాడుకునే కరోకే మిషన్ కొన్నాడు. ఆదివారం వెళ్తే అన్నం పెట్టే ముందు పాటలు, పెట్టాక పాటలు. ఒక్కటీ శ్రుతిలో ఉండదు. పైగా ప్రతి పాటకీ "ఎలా ఉంది బావా?" అంటాడు. అబద్ధాలాడీ ఆడీ నా నోరు పడిపోయింది.

శనివారం పొద్దున ఫోన్‌లో ఫలితం కనబడింది. నలుగురమ్మాయిలు కాళ్లకు పలక కట్టుకుని మంచుకొండ మీంచి ఒకేసారి జారే పోటీ. ఆస్ట్రియా అమ్మాయి ఫస్టు, జపాన్ అమ్మాయి సెకండు. అదే పోటీ సాయంత్రం టీవీలో వేస్తారట. నా బుర్ర వెలిగింది.

"హైమా, సాయంత్రం స్నోబోర్డు పోటీ మీద పందెం వేద్దామా?"

"మీకు దాని గురించి ఏం తెలుసండీ?"

"మనిషిని చూస్తే చెప్పేస్తాను. ఆస్ట్రియా అమ్మాయి గెలిస్తే రేపు కోవెంట్రీ లేదు."

"గెలవకపోతే?"

"ఈ నెలంతా ప్రతి ఆదివారం అక్కడే. మీ తమ్ముడితో కలిసి పాడతాను కూడా!"

గెలిచేవాడికి ఔదార్యం ఎక్కువ కదా.

"సాయంత్రం చెప్తాను," అంది మా ఆవిడ.

సాయంత్రం పకోడీలు వేసి, టీ ఇచ్చి, టీవీ ముందు కూర్చుంది. "నాది జపాన్ అమ్మాయి."

"ఎందుకో?"

"జడ బావుంది."

జాలేసింది నాకు. పోటీ మొదలైంది. ఆస్ట్రియా అమ్మాయి బాణంలా వచ్చి గీత దాటింది. నేను ఎగిరి గంతేశాను. టీ సోఫా మీద పడింది.

"రేపు మధ్యాహ్నం దాకా పడుకుంటాను!"

"కూర్చోండి. ఇంకా అయిపోలేదు."

అవలేదు మరి. జ్యూరీ వాళ్లు వీడియో తిప్పితిప్పి చూశారు. మలుపులో ఆస్ట్రియా అమ్మాయి జపాన్ అమ్మాయిని మోచేత్తో తోసిందట. చివరి స్థానంలో పడేశారు. జపాన్ అమ్మాయికి బంగారం.

నాకు ఒళ్లు మండిపోయింది. "అదెలా కుదురుతుంది? పొద్దున రిజల్ట్స్‌లో ఆ అమ్మాయే ఫస్టు!"

అన్నాక గానీ నోరు మూసుకోవాలని తోచలేదు.

హైమ తాపీగా పకోడీ నమిలింది. "ఆ తర్వాత మార్చారుగా. మధ్యాహ్నం మీరు కారు కడుగుతుంటే చూశాను."

"అంటే తెలిసే పందెం కాశావా? కట్టుకున్న మొగుణ్ణి మోసం చేస్తావా?"

"కట్టుకున్న పెళ్లాన్ని చేయొచ్చా?"

 

"సరే, ఇద్దరిదీ తప్పే. పందెం రద్దు!" అన్నాను.

"రద్దే," అంది వెంటనే. హమ్మయ్య అనుకున్నాను.

"పందెం లేకపోతే ఇక మామూలే కదా. మామూలుగా ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది?"

నేను గుడ్డ తెచ్చుకుని సోఫా తుడవడం మొదలుపెట్టాను.

"బాగా తుడవండి. చక్రికి మధ్యాహ్నమే చెప్పేశాను, రేపు బావ కూడా పాడతాడని. వాడి సంతోషం ఇంతా అంతా కాదు."

మర్నాడు కోవెంట్రీలో మైకు నా చేతికిచ్చారు. డ్యూయెట్ అట. ఆడగొంతు నాది.