గది అంటే ఎవరి గది?

ఎండ అనేది ఒక లోపమని, అది ద్రాక్షపండులోకి దూరి దాని శీలాన్ని చెడగొడుతుందని మనకు తెలియజెప్పిన వైన్ నిపుణులకు మనమంతా చేతులెత్తి నమస్కరించాలి. నేను నమస్కరిస్తున్నాను. మీరూ లేవండి!

వాళ్ళే లేకపోతే మన గతి ఏమయ్యేది? ఏడాదిలో ముప్పాతిక భాగం ఎండ కాసే ఈ లోయలో ద్రాక్ష పండించి, పిండి, పులియబెట్టి, పీపాల్లో పోసి, చివరికి గ్లాసులో వంపుకుని "బాగుంది" అని ఒక్క మాట అనేసి ఊరుకునేవాళ్ళం. ఎంత అనాగరికం! బాగుందనడానికి చదువెందుకు?

ఇప్పుడు అలా కాదు. ముందు గ్లాసును తెల్లగుడ్డ మీదికి వాల్చి రంగు చూడాలి. తర్వాత గిరగిరా తిప్పాలి. ముక్కు లోపలికంటా పెట్టి, కళ్ళు మూసుకుని, ఎవరో పోయిన వార్త విన్నట్టు కాసేపు మౌనం పాటించాలి. ఆపైన ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్టులో ఉమ్మాలి. ఇంట్లో పిల్లలు ఇందులో సగం చేసినా వీపు విమానం మోత మోగిస్తాం. పెద్దవాళ్ళు చేస్తే దాన్ని మూల్యాంకనం అంటాం.

ఈ విద్యలో మా మరిది ఆరితేరినవాడు. బీమా కంపెనీలో జీవితమంతా ఇతరుల ప్రమాదాలను అంచనా వేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత ఒక చల్లని దేశానికి వెళ్ళి, వారం రోజుల కోర్సు చేసి, మెడలో వైన్ రుచి చూసే చిన్న వెండి గిన్నె వేలాడదీసుకుని తిరిగొచ్చాడు. వెళ్ళేటప్పుడు ఆయనకున్నది జలుబు. వచ్చేటప్పటికి అది వైన్ వాసనలు పసిగట్టే ముక్కు అయింది! ఇప్పుడాయన లోయలోని వైన్ పరీక్షక సంఘానికి అధ్యక్షుడు. మిగిలిన ఇద్దరు సభ్యుల్లో ఒకరు పళ్ళ డాక్టరు, ఒకరు హోటల్ యజమాని.

వాళ్ళ మధ్య నాకేం పని అంటారా? నిఘంటువుల కార్యాలయంలో మాటల అర్థాలు తూచి తూచి తల నెరిసినదాన్ని. తమ తీర్పులు మంచి తెలుగులో అచ్చవ్వాలని సంఘం వారికి కోరిక పుట్టింది. "మాటలు నువ్వు సర్దు వదినా, రుచి సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు మరిది. నాకు నోరు అప్పగించి నాలుక తమ దగ్గర ఉంచుకున్నారన్నమాట.

మొదటి చిక్కు "బాడీ" దగ్గరే వచ్చింది. ఫలానా వైన్‌కు మంచి బాడీ ఉందని రాయమన్నారు.

"నాయనా, మన ఇళ్ళలో ఆ మాట ఎప్పుడు వాడతారో తెలియదూ? బాడీ ఎప్పుడొస్తుంది, బాడీని ఎక్కడ ఉంచారు అని. తాగేవాడు జడుసుకోడూ?"

"పోనీ, నిండు శరీరం అని రాయి."

"అప్పుడు ఇంకో రకంగా జడుసుకుంటాడు. చిక్కదనం అంటాను."

చిక్కదనానికి ఒప్పుకున్నారు. టానిన్ దగ్గర మాత్రం ముగ్గురూ నొచ్చుకున్నారు. దానికి మన దగ్గర వగరు అనే మాట ఎప్పటినుంచో సిద్ధంగా ఉందని చెప్పడం నా తప్పే. సముద్రాలు దాటి నేర్చుకున్నది పచ్చి జామకాయ కొరికిన ప్రతి పిల్లవాడికీ తెలుసునంటే ఎవరికి మాత్రం కష్టంగా ఉండదు?

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ రోజు బల్ల మీదున్న సీసాల్లో ఒకదానిలోని వైన్ మా చెల్లెలి కూతురు చేసింది. లోయలోని పెద్ద వైనరీలో తయారీ అంతా ఆమె చేతుల మీదుగానే సాగుతుంది. కొండవాలున పాత తీగల తోట ఒకటి ఉంది; అదంటే ఆమెకు ప్రాణం. తక్కువ కాస్తుంది, కాసినంత మటుకు నల్లగా, చిక్కగా, తియ్యగా కాస్తుంది. వైనరీ యజమానికి మాత్రం ఆ తోట మీద మోజు తీరిపోయింది. సంఘం మెచ్చుకుంటే తీగలు ఉంటాయి. లేదంటే వేళ్ళతో సహా పెకలించి చల్లని దేశపు రకం నాటిస్తానని ఖరాఖండిగా చెప్పేశాడు. ఆ పిల్ల గుమ్మం దగ్గర గోడకానుకుని నిలబడి ఉంది. తయారుచేసినవాళ్ళు పరీక్ష గదిలో నోరు విప్పకూడదని నియమం.

నియమాలకేం, పుష్కలంగా ఉన్నాయి. సువాసన చెదిరిపోతుందని ఫ్యాను ఆపించారు. బయటి వాసనలు చొరబడతాయని కిటికీలు మూయించారు. ఏసీ గాలికి ప్లాస్టిక్ కంపు ఉంటుందట, అదీ కట్టేశారు. మండువేసవి, మిట్టమధ్యాహ్నం, పైన రేకుల కప్పు, ఒంటి మీద ఉన్ని కోట్లు! వీటన్నిటికన్నా పవిత్రమైన నియమం మరొకటుంది: రెడ్ వైన్‌ను రూమ్ టెంపరేచర్‌లోనే రుచి చూడాలి. తెలుగులో చెప్పాలంటే, గదికి ఎంత వేడి ఉంటే వైన్‌కూ అంత ఉండాలి. అందుకని సీసాలన్నిటినీ పొద్దున్నే కింది సెల్లార్ నుంచి పైకి తెచ్చి బల్ల మీద నిలబెట్టారు. గదితో పాటు అవీ కాగాయి. ఒకదాన్ని ముట్టుకుని చూశాను. జ్వరమొచ్చిన పిల్ల నుదురులా ఉంది.

మా అమ్మాయి వైన్ వంతు వచ్చింది.

"అబ్బ, ముక్కు మండిపోతోంది" అన్నాడు హోటల్ యజమాని.

"ఉడికిన పండు. ఉత్త జామ్!" అన్నాడు పళ్ళ డాక్టరు.

"ఏం చేస్తాం? ఎండ దేశపు ద్రాక్ష. మొరటుతనం ఎక్కడికి పోతుంది?" అని మరిది నిట్టూర్చి, నుదుటి చెమటను టైతో తుడుచుకున్నాడు. "రాసుకో వదినా: మితిమీరిన వేడి."

ఆ వేడి పండుదా, గదిదా అన్న సందేహం ముగ్గురిలో ఒక్కరికీ కలగలేదు. సందేహం కలిగితే ఇక నిపుణులెలా అవుతారు?

మా అమ్మాయి నా కుర్చీ వెనక్కి వచ్చి చెవిలో గుసగుసలాడింది. "పెద్దమ్మా, వైన్‌ను కషాయంలా కాచి తాగుతున్నారు. నా తీగలు పోతాయి. నువ్వైనా ఏదో ఒకటి అను."

నేను కలానికి మూత పెట్టాను. "మరిదీ, రూమ్ టెంపరేచర్ అన్నావు. గది అంటే ఎవరి గది?"

"గది అంటే గదే వదినా. నీ నిఘంటువులో లేదా?"

"ఉంది కనుకే అడుగుతున్నాను. ఈ నియమం పెట్టినవాళ్ళవి రాతి ఇళ్ళు. వేసవిలోనూ దుప్పటి కప్పుకునే మనుషులు. గది అని వాళ్ళు అన్నది ఆ గదిని. ఇది పొయ్యి. ఆ సీసాను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టిద్దాం."

రెడ్ వైన్‌ను ఫ్రిజ్‌లోనా! హోటల్ యజమాని గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. జీవితమంతా ఎదుటివాళ్ళ చేత నోరు తెరిపించిన డాక్టరు ఈసారి తనే తెరిచాడు.

"ఊరుకో వదినా, నలుగురూ వింటే నవ్విపోతారు. నియమం నియమమే."

"సరే, దాటొద్దు. కింద సెల్లార్‌కు నాలుగు గోడలున్నాయా?"

"ఉన్నాయి."

"తలుపుందా?"

"ఉంది."

"మరి దాన్ని గది అనకపోతే ఏమంటావు నాయనా?"

మాటల అర్థం మీద వాదించడానికి ఏ కోర్సులోనూ శిక్షణ ఇచ్చినట్టు లేదు. చివరికి ముగ్గురూ లేచి మెట్లు దిగారు.

కింద గోడలు చల్లగా చెమర్చి ఉన్నాయి. ఉన్ని కోట్లకు ఆ రోజు మొదటిసారి ఒక అర్థం ఏర్పడింది. అదే వైన్, నెలల తరబడి ఆ గదిలోనే పడుకుని ఉన్న మరో సీసాలోంచి, మా అమ్మాయి ముగ్గురికీ పోసింది.

మరిది గ్లాసు తిప్పాడు. వాసన చూశాడు. గుక్క తీసుకుని పుక్కిలించాడు. అందరం బకెట్టు వైపు చూశాం.

మింగేశాడు!

డాక్టరు ఇంకొంచెం పోయమన్నాడు, పరిశోధన కోసమట. హోటల్ యజమాని "నేరేడు, మిరియం, వాన పడిన రాయి" అంటూ జపం మొదలుపెట్టాడు. రాయిని ఎప్పుడు నాకి చూశాడో నేను అడగలేదు. నేనూ ఒక గుక్క తాగాను. వగరు నాలుక మీద మెత్తగా పరుచుకుని, నెమ్మదిగా లేచి వెళ్ళిపోయింది.

"వైనరీ యజమానిని పిలవండి. ఆ తీగల జోలికి వెళ్ళొద్దని చెప్పండి" అన్నాడు మరిది. "రాసుకో వదినా. మా సంఘం ఇంతవరకు ఎవరికీ ఇవ్వని మెప్పు ఇది. 'ఈ వైన్ మన లోయలో పండిందంటే ఎవరూ నమ్మరు!'"

మా అమ్మాయి నవ్వు సగంలో ఆగిపోయింది. "అది మెప్పేనా బాబాయ్?"

"అంతకన్నా ఏం కావాలమ్మా? అచ్చం చల్లని దేశపు వైనే! ఎండ పొడ ఎక్కడైనా తగిలిందా?"

"అంతా ఎండే బాబాయ్. ఇప్పుడు మీరు మింగింది అదే."

"ష్! నెమ్మదిగా. యజమాని వింటే తీగలు పీకించేస్తాడు."

యజమాని వచ్చి విన్నది మెప్పు ఒక్కటే. పొంగిపోయాడు. తీగలు ఉంచుతానన్నాడు, ఆ వాక్యాన్నే లేబుల్ మీద పెద్ద అక్షరాలతో వేయించి, లోయ పేరు తీసేయిస్తానన్నాడు. మా అమ్మాయి సరేనన్నట్టు తల ఊపింది. తీగలు బతకాలి కదా!

కనుక పాఠకులారా, నిపుణులు వరమే. ఆ వాక్యాన్ని అచ్చుకు పంపేముందు నా అలవాటు కొద్దీ మళ్ళీ మళ్ళీ చదివి చూశాను. అక్షరదోషం లేదు. వ్యాకరణదోషం లేదు.

ఉండి ఉంటే దిద్దేదాన్ని.